ఎల్డన్‌కి పడే క్రీము

జనవరి 9, గురువారం

ఎడమ ముంజేయి, బయటి వైపు. ముప్ఫై ఒక్క మిల్లీమీటర్లు. డిసెంబరు ఒకటి నుంచి లెక్కేస్తే ఇది నాలుగో చిరుగు. చర్మం లేచి తడికాగితంలా మడత పడింది. ఉప్పునీళ్ళతో కడిగి, తడి దూదిపుల్లతో వెనక్కి సర్ది, పట్టీ వేశాను. రక్తం ఆగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎల్డన్ ఏడవలేదు. కిటికీలోంచి కొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ కొట్టంలో ఆవులు లేక పద్నాలుగేళ్ళయింది. ఆ సంగతి ఆయనకి రోజూ చెప్పడం మానేశాను.

పదింటికి కౌంటీ నర్సు డోనెట్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళ క్రితం నా దగ్గర కెమిస్ట్రీ చదువుకున్న పిల్ల. చర్మం డాక్టరు పంపిన కాగితం తెచ్చింది. పోయిన వారం ఎల్డన్ వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి చేసిన పరీక్ష ఫలితం. గొర్రె ఉన్నిలోంచి తీసే కొవ్వు, లానోలిన్, ఆయనకి పడదు.

"మీరు మీవారికి ఏం రాస్తున్నారు టీచర్?"

"పొదుగు మలాం."

"ఆవులకి రాసేదా?"

"ఆవులకీ అదే, మాకూ అదే. యాభై ఎనిమిదేళ్ళుగా."

"అందులో ఉన్నదంతా లానోలినే. నాకు మీ క్లాసులో సి వచ్చిందిగానీ, అది మాత్రం తెలుసు."

"సి మైనస్," అన్నాను.

నవ్వింది. ఆ తర్వాత నవ్వకుండా చెప్పింది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన తను రిపోర్టు పంపాలట. అప్పటిదాకా ఇలాంటివి ఇంకో రెండు మూడు అయితే, ఎల్డన్‌ని ఇంట్లో ఉంచవచ్చని సంతకం పెట్టడం కుదరదట.

"పెట్టలేవా, పెట్టవా?"

"పెట్టలేను టీచర్. అప్పుడిక వృద్ధుల హోమ్‌కే."

ఎల్డన్‌కి నేను మాట ఇచ్చాను. బుద్ధి సరిగ్గా ఉన్న రోజుల్లోనే అడిగాడు, ఈ గదిలోంచి నన్ను కదపనివ్వకు వెర్నా అని. సరే అన్నాను. ఆయన నన్ను అడిగినవి చాలా తక్కువ.

కాబట్టి కారణం దొరికింది. పన్నెండేళ్ళ స్టెరాయిడ్ మాత్రలతో చర్మం ఉల్లిపొర అయింది, దాని మీద పడని మలాం. మాత్రలు ఆపలేం, ఊపిరి ఆగుతుంది. మలాం మార్చగలం. కారణం తెలిసిన సమస్యకి జవాబు ఉంటుంది.

జనవరి 10, శుక్రవారం

పట్టిక గీశాను. తేదీ, స్నానం నీళ్ళ వేడి, గాలిలో తేమ, క్రీము నంబరు, రాసిన సమయం, చర్మం స్థితి, చిరుగు పొడవు. ఒక్కో క్రీముకి ఏడు నుంచి పది రోజులు. స్నానమయ్యాక మూడు నిమిషాల్లో రాయాలి.

మా అమ్మాయి జోలీన్ మందుల షాపులో సౌందర్య సామగ్రి కౌంటర్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ ఉద్యోగం గురించి నా అభిప్రాయం దానికి తెలుసు. ఫోన్ చేసి, వయసు మళ్ళిన చర్మానికి ఏ మాయిశ్చరైజర్ మంచిదని అడిగాను.

అవతల సీసాలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"ఎవరు మాట్లాడేది?"

"నీ తల్లిని."

"మా అమ్మ క్రీము పేరు అడగదే! నాకు పదహారేళ్ళప్పుడు లిప్‌స్టిక్‌ని పొయ్యిలో వేసిన మనిషి ఆవిడ."

"పొయ్యిలో కాదు. చెత్తబుట్టలో."

"అమ్మవేలే," అంది. "వాసన లేనిది, లానోలిన్ లేనిది, చిక్కగా ఉండేది చూడాలి. శనివారం నాలుగైదు పట్టుకొస్తా. కానీ అమ్మా, క్రీము ఒక్కదాంతో..."

"క్రీము సంగతే అడిగాను," అన్నాను.

జనవరి 13, సోమవారం

ఒకటో నంబరు. పల్చటిది. ముప్పావు వంతు నీళ్ళే, సీసా మీది జాబితా చూస్తేనే తెలుస్తోంది. వాసన లేదని రాశారు, ఉంది.

పొదుగు మలాం రాసినన్నాళ్ళూ ఎల్డన్ చెయ్యి తనే చాపేవాడు. మూత తీయగానే ఆ మందు వాసనకి ముఖం విచ్చుకునేది. "ఎవరికి పుండైంది? పెగ్గీకా?" అని అడిగేవాడు. పెగ్గీకే అనేదాన్ని. "మెల్లగా రాయి, తంతుంది," అనేవాడు. నేను రాసినంతసేపూ పెగ్గీ గురించి చెప్పేవాడు. ఎన్ని గ్యాలన్లు ఇచ్చింది, ఏ సంవత్సరం ఈనింది.

ఇవాళ సీసా చూసి చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కున్నాడు. కదలకుండా పట్టుకుని రాశాను.

జనవరి 17, శుక్రవారం

ఒకటో నంబరుని నాలుగో రోజునే ఆపేశాను. రాసిన అరగంటకే పిక్కల మీద తెల్లటి పొలుసు. వృథా. పది రోజుల నియమం నేనే తప్పాను, పట్టికలో ఆ మాట కూడా రాశాను.

రెండో నంబరు. పది శాతం యూరియా. యూరియా నీటిని పట్టి ఉంచుతుంది, అది నిజమే. ఇవాళ ఎల్డన్‌కి బుద్ధి కొంచెం తేటగా ఉంది. డబ్బా మీద అక్షరాలు తనే చదివాడు.

"యూరియానా? ఇది మొక్కజొన్నకి వేసేది కదే!"

"నీకూ వేయచ్చంట."

"అయితే ఎకరానికి ఎంత దిగుబడి వస్తానో రాసుకో నీ పుస్తకంలో."

నవ్వాను. రాసుకున్నాను కూడా. మధ్యాహ్నానికి పాత పట్టీ చుట్టూ మంట పుట్టింది, తీసేయమని గోల. చల్లటి గుడ్డతో తుడిచేశాను. చర్మం మామూలుగా ఉన్న చోట్ల రేపటి నుంచి రాస్తాను. కదలకుండా పట్టుకుంటే సరిపోతుంది.

జనవరి 21, మంగళవారం

బయట సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. ఇంటిని వేడి చేసే కొలిమి రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. గదిలో తేమ పంతొమ్మిది శాతం. స్నానం నీళ్ళు తొంభై ఎనిమిది ఫారెన్‌హీట్, గోరువెచ్చన.

చిరుగు. కుడి చెయ్యి, మోచేతికి పైన. ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఐదోది.

కారణం: రెండో నంబరు. గాలి పొడి. జోలీన్‌ని గాలికి తేమ ఎక్కించే యంత్రం తెమ్మన్నాను.

జనవరి 22, బుధవారం

మోచేతికి పైనే ఎందుకు? అక్కడ రెండో నంబరు రాయలేదు. అక్కడ పట్టుకున్నానంతే.

గాలి పొడి.

జనవరి 26, ఆదివారం

చర్చిలో కింది అంతస్తులో కాఫీ దగ్గర ఇర్మా అడిగింది, ఎల్డన్ ఎలా ఉన్నాడని. చర్మం సంగతి చెప్పాను. చెప్పాల్సింది కాదు.

"పొదుగు మలాం రాయి," అంది.

"అదే పడలేదు."

"పడకపోవడమేంటి? నేను ముఖానికి రాసుకుంటా. చూడు!" బుగ్గ ముందుకు పెట్టింది. ఎనభై మూడేళ్ళ ఆ బుగ్గ వెన్నలా ఉంది. "గట్టిగా మర్దన చెయ్యాలి వెర్నా. పొదుగు గడ్డకడితే ఏం చేస్తాం? రక్తం ఆడేదాకా పిసుకుతాం. మనిషైనా అంతే."

"ఎల్డన్ ఆవు కాదు."

"ఆవైతే మాట వినేది," అంది ఇర్మా. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొస్తూ దారంతా ఆలోచించాను. మేమంతా అలాగే నేర్చుకున్నాం. రాయడమంటే మాకు రుద్దడం. పెళ్ళయిన మొదటి చలికాలం అత్తగారు నా చేతులు పొదుగు మీద పెట్టి, ఆ పైన తన చేతులు పెట్టి నొక్కి చూపించింది. భయపడుతూ ముట్టుకుంటే దానికి చక్కిలిగింత, గట్టిగా పట్టుకుంటే నమ్మకం అని చెప్పింది.

రేపటి నుంచి రుద్దను. అద్దుతాను. ఇది పట్టికలో కొత్త గడి.

జనవరి 30, గురువారం

మూడో నంబరు. పెట్రోలియం జెల్లీ ఎక్కువ, ఇంకేమీ లేదు. నాలుగు రోజులైంది. ఎరుపు లేదు, పొలుసు లేదు. నాలుగో చిరుగు పూర్తిగా మానింది. డోనెట్‌కి ఫోన్ చేసి చెప్పాను. "శభాష్ టీచర్," అంది. ఎవరైనా నన్ను శభాష్ అని ఎన్నేళ్ళయిందో.

ఒక్కటే చిక్కు, జారుతుంది. నూనె రాసిన గొట్టంలా చెయ్యి నా పట్టులోంచి జారిపోతోంది. కాబట్టి ఇంకాస్త గట్టిగా పట్టుకోవాల్సి వస్తోంది.

ఇరవై తొమ్మిది రోజులు మిగిలాయి.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఆరోది. నిన్న. కుడి ముంజేయి లోపలి వైపు, పద్దెనిమిది మిల్లీమీటర్లు. మూడో నంబరు కూడా పనికిరాదు.

డోనెట్ పట్టీ విప్పి చూసింది. తర్వాత చొక్కా చెయ్యి భుజం దాకా పైకి మడిచి, దీపం దగ్గరికి లాక్కుని చూసింది. మోచేతికి పైన నీలి మచ్చలు. నాలుగు వరసగా, ఒకటి అవతలి వైపు. వేలితో ఒక్కొక్కటే చూపించింది, లెక్కపెడుతున్నట్టు.

"రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నాడు. ఊరికే కములుతుంది," అన్నాను.

"తెలుసు టీచర్."

"కదిలితే రాయడం కుదరదు."

"తెలుసు." కుర్చీ నా వైపు జరుపుకుంది. "మీ చేతులు చూపించండి."

చాపాను. నా అరచేతులు తిప్పి తిప్పి చూసింది. బొటనవేళ్ళ దగ్గర పగుళ్ళు, వేళ్ళ కొసల్లో చీలికలు. సున్నపురాయిలా ఉన్నాయి, ఎప్పుడూ అంతే. నా చేతులకి నేను దేన్నీ రాసుకోలేదు, సబ్బు తప్ప.

"వీటితో ముట్టుకుంటే నా చర్మమే చిరుగుతుంది," అంది. "క్రీము ముందు మీకు కావాలి. మీ చేతులు మెత్తబడితే తేడా ఉండచ్చు."

నేను దీన్నెలా మర్చిపోయాను! గరుకు ఉపరితలం, రాపిడి. ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా తెలిసిన విషయం. ఇన్నాళ్ళూ ఆయన చర్మాన్నే కొలిచాను, నా చర్మాన్ని కొలవలేదు.

డోనెట్ వెళ్ళేటప్పుడు నా ముఖం వైపు కాసేపు చూసింది. చాలా మంచి పిల్ల.

ఫిబ్రవరి 5, బుధవారం

గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు. మూడో నంబరు మందంగా. తెల్ల నూలు చేతిజోళ్ళు. ఉదయం, మధ్యాహ్నం, పడుకునే ముందు. పగుళ్ళు: కుడి చేతికి తొమ్మిది, ఎడమ చేతికి ఏడు.

ఫిబ్రవరి 8, శనివారం

జోలీన్ వచ్చింది. వంటగదిలో చేతిజోళ్ళతో కూర్చుని ఉన్నాను.

"ఏంటమ్మా, రాణీగారితో విందుకి వెళ్తున్నావా?"

"ఇది వైద్యం."

"చూపించు." ఒక జోడు లాగేసి నా చెయ్యి తన చెంపకి ఆనించుకుంది. చిన్నప్పుడు కూడా అలా చేసిన గుర్తు లేదు నాకు. "అమ్మా! మెత్తగా ఉందే! ఎనభై ఒక్క ఏళ్ళు ఈ చేతుల్ని ఎక్కడ దాచావు?"

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయినా బాగుంది. రాసుకుంటుంటే బాగుంటోంది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

నాలుగో నంబరు తెచ్చింది. చిక్కటి తెల్ల క్రీము. వాసన లేదు, లానోలిన్ లేదు, యూరియా లేదు, జారదు. ఇదే సరైనదని చూడగానే అనిపించింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

పగుళ్ళు: కుడి ఒకటి, ఎడమ సున్నా.

నాలుగో నంబరు మూడో రోజు. ఎల్డన్ చేతుల మీద చర్మం నిగనిగలాడుతోంది. డబ్బా తీయగానే ఇంకా విదిలించుకుంటున్నాడు, కానీ తక్కువ. ఇవాళ రాస్తూ ఉంటే నా వేళ్ళు పట్టుకుని తడిమి చూశాడు.

"ఎవరివమ్మా నువ్వు?"

"వెర్నాని."

"కాదు." నవ్వాడు, మర్యాదగా, పరాయి మనిషితో నవ్వినట్టు. "మా ఆవిడ చేతులు ఇసుక కాగితం. తలుపులకి రంగు వేసే ముందు ఆవిడ్నే రుద్దమనేవాణ్ణి."

పాత హాస్యం. మా పెళ్ళి యాభై ఏళ్ళ విందులో అందరి ముందూ చెప్పాడు ఇది.

పదిహేడు రోజులు. ఎనిమిది రోజులుగా చిరుగు లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈరోజు విశేషాలు లేవు.

ఫిబ్రవరి 13, గురువారం

చిరుగు. కుడి ముంజేయి. నలభై ఏడు మిల్లీమీటర్లు. ఏడోది, అన్నిటికంటే పెద్దది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, కుట్టడానికి అక్కడ చర్మం లేదన్నారు.

నీళ్ళ వేడి తొంభై ఎనిమిది. తేమ నలభై ఒకటి. క్రీము నాలుగు. రాపిడి లేదు. చేతులు మెత్తన.

పట్టికలో గళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

గళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఫిబ్రవరి 15, శనివారం

పన్నెండో తారీఖు కింద విశేషాలు లేవని రాశాను. అది అబద్ధం. చిరుగు పదమూడున కాలేదు, పన్నెండునే అయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లల ల్యాబు పుస్తకాలు దిద్దాను. ప్రయోగం తప్పినవాడికి మార్కులు వేశాను. జరగనిది జరిగినట్టు రాసినవాడికి సున్నా వేశాను. అందుకని సరిచేస్తున్నాను.

ఉదయం పదీ ఐదు. స్నానం అయింది. నాలుగో నంబరు రెండు చేతులకీ రాశాను. కదల్లేదు. పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. కాళ్ళకి రాశాను. అంతా అయిపోయింది. డబ్బాకి మూత పెట్టాను. ఆయన ముంజేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇది పొదుగు మలాం కాదు."

"కాదు. నీకు పడదు."

"వెర్నా ఉంటే అదే తెచ్చేది."

"నేనే వెర్నాని."

"కాదు. వెర్నా మంచిది."

కుడి ముంజేయి పట్టుకున్నాను. "నేనే వెర్నాని. అను," అన్నాను.

ఆయన డబ్బా వైపు చూశాడు.

"అను. నువ్వు వెర్నావి అని అను." క్లాసులో అనేదాన్ని ఇలాగే, ఇదే గొంతుతో. జవాబు తెలిసీ చెప్పని మొండివాడితో.

చెయ్యి లాక్కోబోయాడు. వదల్లేదు. ఎంతసేపు అన్నది రాయలేను, గడియారం చూడలేదు. చూడకపోవడం నాకు అలవాటు లేదు. నా వేళ్ళ కింద ఏదో జరిగినట్టు తెలిసింది, తడి కాగితం కింది పేజీ మీది నుంచి కదిలినట్టు. అప్పుడు కూడా వెంటనే వదల్లేదు. ఒక్క క్షణం. ఆ క్షణంలో నాకు తెలుసు.

ఆయన తల భుజాల్లోకి ముడుచుకున్నాడు. రెండో చేతిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నాన్నా, ఇంక చెయ్యను," అన్నాడు. "నాన్నా, ఇంక చెయ్యను, ఇంక చెయ్యను."

వాళ్ళ నాన్న ఏం చేసేవాడో నాకు తెలుసు. ఈ ఊళ్ళో అది తెలిసినవాళ్ళలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. పెళ్ళికి ముందు వారం చెప్పాడు, ఒకే ఒక్కసారి.

రాయడం అప్పటికే అయిపోయింది. మూత కూడా పెట్టేశాను.

ఐదోదీ, ఆరోదీ కూడా మళ్ళీ చూశాను పట్టికలో. మొదటి నాలుగూ గుర్తు తెచ్చుకున్నాను. ఏ రోజు ఏం అన్నాడో, ఏ రోజు నేను ఎలా ఉన్నానో దానికి గడి లేదు. ఆ గడి గీయకుండా ఉండడానికే మిగతా గళ్ళన్నీ గీశానేమో.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. జోలీన్‌కి ఫోన్ చేశాను. అది మా మనవరాలు మార్లీ ఇంట్లో ఉంది, అక్కడ పాప పుట్టి మూడు వారాలు.

"మీ నాన్నని హోమ్‌లో చేర్చే కాగితాలు పంపు. సంతకం పెడతాను."

"ఏమైంది?"

చెప్పాను. ముందు రోజు రాసింది రాసినట్టు చదివి వినిపించాను, మధ్యలో ఆపకుండా.

అది ఏడ్చింది. తర్వాత, "అమ్మా, నువ్వు అలిసిపోయావు," అంది.

"అలిసిపోలేదు. కోపం వచ్చింది."

"అలిసిపోతేనే కోపం వస్తుందమ్మా. నాకు రాదా? ఎవరికైనా వస్తుంది."

"ఎవరికైనా సంగతి నేను చెప్పడం లేదు."

"ఇన్నేళ్ళు ఒంటిచేత్తో చేశావు. ఎవరూ నిన్ను ఏమీ అనరు."

"అనాలి," అన్నాను.

అవతల పసిదాని ఏడుపు వినిపించింది. మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

డోనెట్‌కి కూడా చెప్పాను. పెన్ను ఆపి విన్నది. ఆఖర్న కాగితం మీద ఏదో రాసింది. చూపించమన్నాను.

సంరక్షకురాలి మీద అధిక భారం, అని ఉంది.

"ఇది తప్పు," అన్నాను. "దిద్దు."

"ఆ గడిలో రాసే మాట అదే టీచర్."

"భారం ఆయన చేతిని పట్టుకోలేదు. నేను పట్టుకున్నాను."

"నాకు ఫిబ్రవరి నాలుగునే తెలుసు," అంది డోనెట్. నా వైపు చూడలేదు. "మీ చేతుల గరుకు అన్నాను చూశారా, అది మీకు పరువు పోకుండా ఒక దారి చూపిద్దామని. అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది. మీరు నా టీచరు. నోరు రాలేదు."

అలా డోనెట్ తప్పులో సగం తను తీసుకుని వెళ్ళిపోయింది. అడగకుండానే. నేను ఇవ్వలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

జోలీన్ సెలవు పెట్టి వచ్చింది. స్నానం అదే చేయిస్తోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి తువ్వాలు అందిస్తున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

తీసుకెళ్ళారు. తొమ్మిదిన్నరకి బండి వచ్చింది. మంచు కరిగి వాకిలంతా బురద. చక్రాల కుర్చీ దింపుతుంటే ఎల్డన్ అడిగాడు, "పాలు పితికే వేళకి తిరిగొస్తాం కదా?"

జోలీన్ నా వైపు చూసింది.

"వస్తావు," అన్నాను.

నేను ఆయనతో ఆడిన అబద్ధం ఇదొక్కటే. కాదు. పుండు పెగ్గీకే అనేదాన్ని, ఈ గదిలోంచి కదపనివ్వనన్నాను. నేనే వెర్నాని అనడం మాత్రం అబద్ధం కాదు. అదొకటి నిజం.

హోమ్ కాగితాల్లో ఒక ప్రశ్న ఉంది, చర్మానికి ఏం వాడుతున్నారు అని. నాలుగో నంబరు పేరు రాశాను. కింద వాడే విధానం అని ఖాళీ ఉంది. చాలాసేపు దాని వైపు చూశాను. మెల్లగా, అని రాశాను.

మార్చి 3, సోమవారం

ఎనిమిదో రోజు. ఇవాళ మొదటిసారి స్నానం వేళకి వెళ్ళాను. మూల కుర్చీలో కూర్చున్నాను. రోసారియో అని యాభై ఏళ్ళ ఆవిడ ఆయన్ని చూసుకుంటోంది. నాలుగో నంబరు డబ్బా బల్ల మీదే ఉంది, సీలు తీయలేదు. గోడకి తగిలించిన సీసాలోంచి నొక్కి ఏదో క్రీము తీసింది. పల్చటిది, గులాబీ రంగు, దూరానికే వాసన కొట్టేది. నా పట్టికలో రెండు రోజులు కూడా నిలిచేది కాదు.

ఎల్డన్ చెయ్యి లాక్కున్నాడు.

ఆవిడ తన అరచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పెట్టి కూర్చుంది. పట్టుకోలేదు. "తొందరేం లేదు తాతా, నాకు జీతం గంటకి," అంది. ఆయన నవ్వాడు. ఆవిడ కూచుంది. వాన గురించి చెప్పింది. మోకాలి నొప్పి గురించి చెప్పింది. పద్దెనిమిది నిమిషాలు. ఆ తర్వాత ఆయనే తన చెయ్యి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఎనిమిది రోజుల్లో చిరుగు ఒక్కటి కూడా లేదు. పాత గాయం అంచులు కలుస్తున్నాయి. ఆవిడ అరచేతులు నేను దగ్గరగా చూశాను. గరుకుగా ఉన్నాయి, నావి ఉన్నంత గరుకుగా.

ఇంటికి వచ్చి పట్టిక చింపుదామనుకున్నాను. చింపలేదు. కింద ఒక గీత గీసి ఫలితం రాశాను. ఏ క్రీమైనా సరిపోయేది.

మార్చి 5, బుధవారం

ఆయన గదిలోకి వేడిగాలి వచ్చే కొలిమి గొట్టం మూసేశాను.

మార్చి 9, ఆదివారం

మార్లీ వచ్చింది, మొగుడితో, పాపతో. ఆరు వారాల పిల్ల. వచ్చేముందు హోమ్‌కి వెళ్ళి తాతకి చూపించి వచ్చారట. పాప పాదం పట్టుకుని ఎల్డన్ చాలాసేపు కూర్చున్నాడని చెప్పింది. ఎవరి పిల్ల అని అడిగాడట. మీదే అంటే పొంగిపోయాడట.

"అమ్మమ్మా, అమ్మ అంతా చెప్పింది," అంది మార్లీ వంటగదిలో, గొంతు తగ్గించి. "నువ్వు బాధపడకు. నువ్వు ఎంత చేశావో మాకందరికీ తెలుసు."

కాఫీ పోశాను. పాప పుట్టినప్పుడు నేను పంపిన కానుకకి అది రాసిన కృతజ్ఞతల ఉత్తరంలో తేదీ వేయలేదని గుర్తు చేశాను. నవ్వి నా చెంప మీద ముద్దు పెట్టింది.

తర్వాత పాపని దుప్పట్లోంచి తీసి నా ముందుకి చాపింది. పిల్ల చేతులు రెండూ గాలిలో తెరుచుకుని ఉన్నాయి. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడత. చర్మం కింద నరాలు కూడా కనపడనంత కొత్తగా ఉంది.

"పట్టుకో అమ్మమ్మా. ముత్తవ్వ ఎత్తుకోలేదంటే రేపు దెబ్బలాడుతుంది ఇది."

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. బొటనవేళ్ళ దగ్గర మళ్ళీ పగుళ్ళు మొదలయ్యాయి.

"ఇప్పుడే చేతులకి క్రీము రాసుకున్నాను," అన్నాను. "పిల్లకి పడదు."

"అయితే ఆరాక ఎత్తుకుందువుగాని."

ఇంకా ఆరలేదని వాళ్ళు బయల్దేరేదాకా చెప్పాను.